నీటిపాలు

బకోర్ చేపల బజారులో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. బలయుంగన్‌లో ఒక ముసలిది ఉండేదట. పాద్రీల కాలం నాటి రాతికట్ట కింద కొవ్వొత్తి వెలిగించుకుని దేవతలా కూర్చునేదట. ఇంజనీరు వచ్చి కట్టకు రంధ్రాలు పెట్టించేసరికి ఆవిడ మహిమ కాస్తా ఎండిపోయిందట. ఆ కడుపుమంటతో రోజుకో రంధ్రం చొప్పున అన్నింట్లోనూ గుడ్డలు కుక్కేసిందట. తుఫానులో కట్ట తెగి దిగువ గట్టంతా కొట్టుకుపోతూ ఉంటే, తను మాత్రం మెట్ట మీద చర్చిలో పొడిబట్టలతో కూర్చుని జపమాల తిప్పుకుంటోందట.

"పొడిబట్టలతోనా!"

"ఒక్క చుక్క తడి లేదటమ్మా మారే. మా వదిన కళ్ళారా చూసింది."

"మీ వదిన చూడనిదేముందిలే. మా ఆయన పొద్దుపోయాక ఎక్కడుంటాడో కూడా ఆవిణ్ణే అడగాలి."

నవ్వుకుంటారు. చేప పొలుసు గీక్కుంటూ మళ్ళీ మొదటినుంచి చెబుతారు. చెప్పిన కొద్దీ ముసలిదానికి వయసు పెరుగుతుంది, ముడతలు పెరుగుతాయి. ఈమధ్య ఎవరో ఆమెకు ఒక నల్లపిల్లిని కూడా చేర్చారు.

ఆమె పేరు యూఫ్రోసినా. ఊరంతా ఓసింగ్ అనేది. ముసలిది అనేంత వయసు కాదు. చిన్నప్పటినుంచి వంగి బట్టలు ఉతికిన నడుము అది, నిలబడ్డా వంగినట్టే ఉండేది. పిల్లి లేదు.

బలయుంగన్‌లో వాగును అడ్డగించి ఒక రాతిగోడ ఉంది. ఊళ్ళో దాన్ని ప్రిన్సా అంటారు. పాద్రీల భూములకు నీళ్ళు పారించడానికి వీళ్ళ ముత్తాతల చేత కొరడా పట్టుకుని కట్టించారు. సున్నంలో బెల్లపు పాకమూ గుడ్ల తెల్లసొనా కలిపారంటారు. ఆ గోడ కట్టినన్నాళ్ళు ఊళ్ళో ఏ కోడీ తన గుడ్డు తాను పొదగలేదని సామెత. పాద్రీలు పోయారు, వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళూ పోయారు. గోడ మాత్రం ఎగువన నీళ్ళు నింపుకుని, దిగువన పొలాలు తడుపుకుంటూ అలాగే ఉండిపోయింది. దాని అడుగున ఉతుకుడు బండ దగ్గర ఓసింగ్ వాళ్ళమ్మ ఉతికేది. అమ్మ తర్వాత ఓసింగ్ ఉతికింది.

ఓసింగ్‌కు మొదటి ఇద్దరు బిడ్డలూ పాలు లేక పోయారు. ఇద్దరూ నెల తిరగలేదు. మునగాకు తిన్నది, ఆల్చిప్పల చారు తాగింది, మంత్రసాని చేత రొమ్ములు తోమించుకుంది. చుక్క దిగలేదు. మూడోది సలూద్. బాలింతరాలు పనికి దిగకూడదంటారు గానీ మొగుడు మెలెసియో అప్పటికే జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. బుట్టలో బిడ్డను బండ పక్కన పెట్టుకుని ఉతుకుతోంది. బిడ్డ ఏడుస్తోంది. ఏడ్చి ఏడ్చి, ఏడ్చే ఓపిక కూడా అయిపోయి, నోరు మాత్రం తెరుస్తోంది. ఓసింగ్ తల ఎత్తి చూసేసరికి పైన రెండు రాళ్ళ అతుకులోంచి తెల్లగా ఏదో ఊరుతోంది. బొట్టు బొట్టుగా వచ్చి గోడమీద తెల్లటి గీత గీసింది. ఆమెకు ఏం తోచిందో ఏమో, అరచేత్తో ఆ తెల్లనీళ్ళు పట్టి రొమ్ముల మీద రుద్దుకుంటూ కూర్చుని ఏడ్చింది.

సాయంత్రానికి ఆమె రవిక తడిసింది.

ఎందుకు వచ్చాయో ఓసింగ్ ఎవర్నీ అడగలేదు. సార్డీన్ల డబ్బాలో కొవ్వొత్తి పెట్టి ఆ అతుకు కింద వెలిగించింది. మర్నాడు దాన్ని పొరుగింటి బాషియాంగ్ చూసింది. బాషియాంగ్ చూసిందంటే ఊరు చూసినట్టే. ఆమెకూ అప్పుడే కాన్పయింది. ఆమె కొడుక్కి తర్వాత ఓసింగే జ్ఞానస్నానపు తల్లి అయింది. అప్పటినుంచి ఆ వరసతో ఒకరినొకరు మారే అని పిలుచుకునేవారు. 'మరియతల్లి పాలు' అని పేరు పెట్టింది కూడా బాషియాంగే.

"మన తాతమ్మల కోళ్ళ గుడ్లన్నీ మింగిందా గోడ," అనేది. "ఇప్పటికైనా పాలివ్వకపోతే ఎలాగ?"

ఏళ్ళు గడిచిన కొద్దీ తెల్లటి గీత వెడల్పయింది. పైన తలలాగా, కింద ముసుగు జారినట్టుగా మడతలు తేరింది. పొరుగూళ్ళ నుంచి కూడా పసిపిల్లల తల్లులు వచ్చేవారు. గిన్నెలో పట్టుకుని గుటకేసి, మిగిలింది రొమ్ములకు రాసుకుని పోయేవారు. కొందరికి పాలు పడ్డాయి. పడనివాళ్ళు మళ్ళీ రాలేదు కాబట్టి వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. పట్నం నుంచి ఫాదర్ గారు ఒకసారి వచ్చి చూసి, తుమ్మి, అల్లం టీ తాగి, అవుననీ కాదనీ చెప్పకుండా వెళ్ళిపోయారు. ఓసింగ్ అక్కడ ఊడ్చేది, నాచు గీకేది, మైనపు ముద్దలు ఏరేది. భర్త పోయాక, కూతురు పెళ్ళి చేసుకుని దిగువ గట్టు మీద వేరే ఇల్లు వేసుకున్నాక, ఆమెకు అదే ఇల్లయింది.

ఇంజనీరు వచ్చింది ఎండాకాలంలో. కటాపాంగ్ అని చిన్నవాడు, నీటిపారుదల ఆఫీసు నుంచి. నడుముకు తాడు కట్టుకుని గోడమీద నుంచి వేలాడుతూ, చిన్న సుత్తితో రాయి రాయిని తట్టి చెవి పెట్టి వినేవాడు. మగవాళ్ళు పని మానుకుని చూసేవారు.

"గోడకి జ్వరమా ఇంజనీరు గారూ?"

"పుట్టబోయేది ఆడా మగా అని చూస్తున్నాడ్రా."

అతనూ నవ్వేవాడు. తెల్లమరక దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు పోయింది. కింద బండ దగ్గర ఉతుకుతున్న ఓసింగ్‌ను, పెద్దావిడ కాబట్టి ఆలింగ్ అని పిలిచి అడిగాడు.

"ఆలింగ్, ఇది ఎన్నాళ్ళ నుంచి కారుతోందండీ?"

"మా సలూద్ పుట్టినప్పటి నుంచి బాబూ. పాలు."

"పాలు కాదండీ, సున్నం. రాళ్ళ మధ్య సున్నం నీళ్ళకు కరిగి బయటికొచ్చేస్తోంది. అదే ఈ గోడకి ఎముక. ఎముకల్లోంచి కారిపోతోందండీ ఇది. లోపలంతా గుల్లబారుతోంది."

ఓసింగ్ ఉతకడం ఆపింది. పెదవి ఎత్తి పళ్ళ మధ్య సందులు చూపించింది.

"చూడు బాబూ. బిడ్డకో పన్ను పోయింది నాకు. తల్లిపాలు మరెక్కణ్ణుంచి వస్తాయనుకున్నావు? ఎముకల్లోంచే కదా."

అతను తాడు విప్పుకుని కిందికి దిగి వచ్చి, ఆమె పక్కన తడిబండ మీదే కూర్చున్నాడు. గోడ పొట్టలో నీరు చేరిందనీ, పోవడానికి దారి లేక లోపల్నుంచి తోస్తోందనీ, పెద్ద వరద వస్తే ఆ తోపుకు రాళ్ళు నిలవవనీ చెప్పాడు. ఓసింగ్ గోడను అరచేత్తో తడిమింది.

"అంటే... బిడ్డ తాగక రొమ్ము గడ్డకట్టినట్టా?"

"అచ్చం అలాగేనండీ."

"అయితే పిండేయాలి మరి. లేకపోతే జ్వరం వస్తుంది."

పిండడానికి గోడ అడుగున వరసగా రంధ్రాలు తొలిచారు. ముంజేయి దూరేంత లావు. మిషను రొద పెడుతుంటే ఊరంతా గట్టుమీద కూర్చుని వేడుక చూసింది. "గోడకి చెవులు కుట్టిస్తున్నారు. తర్వాత కమ్మలు కొనాలి, చందాలు తీయండి," అన్నాడు మంగలి టాసియో. రంధ్రం పడగానే లోపల్నుంచి నీళ్ళు చిమ్మాయి. పిల్లలు గుడ్డలు విప్పేసి వాటికింద గంతులేశారు.

వెళ్ళేముందు ఇంజనీరు ఓసింగ్‌నే పిలిచాడు. ఆకులూ నత్తలూ చేరి ఈ రంధ్రాలు మూసుకుపోతాయి, రోజూ ఇక్కడే ఉంటారు కదా, కాస్త కర్రతో తోసి శుభ్రం చేస్తుండండి అన్నాడు. "ఇవి మూసుకుపోతే పెట్టకపోయినా ఒకటే, ఆలింగ్." ఆమె తల ఊపింది. అంతవరకూ ఎవరూ ఆమెకు ఒక పని అప్పగించి, నీవల్లే అవుతుందని చెప్పలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే జామకర్ర పట్టుకుని, గడ్డిలోంచి మోకాలిలోతు నీళ్ళలో నడుస్తూ ఒక్కో రంధ్రాన్నీ పొడిచి చూసేది. వరసలో చివరిది ఆమె ఉతుకుడు బండ పక్కనే.

నెల తిరిగేసరికి పైన పాలు తగ్గాయి. పవిత్రవారానికి పూర్తిగా ఎండాయి. నీళ్ళకు కింద సులువైన దారి దొరికింది. పైన రాళ్ళ అతుకు దాకా ఎక్కవలసిన పని లేకపోయింది. తెల్లమరక మాత్రం గోడమీద పొడిగా, వేలితో రాస్తే పిండిలా రాలుతూ మిగిలింది.

దూరం నుంచి నడిచి వచ్చిన తల్లులు ఖాళీ గిన్నెలతో నిలబడేవారు. కొందరు గోడను చూసేవారు, కొందరు ఓసింగ్‌ను చూసేవారు. ఆమె చేతిలో కర్ర ఉండేది.

"కానీ మారే, కానీ," అంది బాషియాంగ్ ఒకరోజు అందరూ వింటూ ఉండగా. "తల్లి రొమ్ము కోసినవాడికి కాపలా కాస్తున్నావు. బాగుంది. నీ బిడ్డ తాగేసింది కదా, ఇంక ఎవరి బిడ్డ ఏమైతే నీకేం?"

"గోడ పడిపోతుందన్నాడు మారే."

"మా నాన్న చిన్నప్పటినుంచి పడిపోతుందంటున్నారు. మా నాన్న పడిపోయాడు. గోడ ఉంది."

గట్టుమీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఓసింగ్ ఆ నవ్వుల మధ్య నుంచే కర్ర ఈడ్చుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత ఆమె ఉతుకుతుంటే పక్కన ఎవరూ తొట్టి పెట్టేవారు కాదు.

జూన్ నెలలో సలూద్‌కు మగబిడ్డ పుట్టాడు. ఇంకా జ్ఞానస్నానం కాలేదు కాబట్టి ఉత్త టోటోయ్, అంటే బాబు. సలూద్ మొగుడు ఇసియో, కవిట్ ఊరి ఉప్పుమడుల్లో పనిచేస్తూ శనివారాలు వచ్చేవాడు. వచ్చి బిడ్డను ఎత్తుకుని, "వీడి పిడికిలి చూడండి ఇనాయ్, బోటు నడుపుతాడు," అని అత్తకు చూపించి మురిసిపోయేవాడు.

సలూద్‌కు పాలు పడలేదు.

ఓసింగ్ మునగచెట్టు దాదాపు బోడి చేసింది. ఆల్చిప్పల చారు పెట్టింది. మంత్రసానిని పిలిచింది. పట్నం ఆరోగ్యకేంద్రంలో ఇచ్చిన పాలపొడి వాగునీళ్ళలో కలిపి పట్టిస్తే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇక గంజితేట ఒక్కటే. స్పూనుతో పోస్తే సగం పెదవి పక్కనుంచి కారిపోయేది. వాడి ముఖం ముసలివాడి ముఖంలా అయింది. ఆ ముఖం ఓసింగ్‌కు తెలుసు. రెండుసార్లు చూసింది.

"ఇనాయ్," అని తల్లిని పిలిచింది సలూద్ ఒకరోజు, ఇంటి తడికవైపు తిరిగి పడుకునే. "ఒక్కటి మూస్తే చాలు. ఒక్కటే."

"మాటిచ్చానే."

"ఎవరికి? ఆయన ఎక్కడున్నాడు ఇప్పుడు? ఆయనకి బదిలీ అయిపోయిందట, మంగలి మాంగ్ టాసియో చెప్పాడు. ఆయన మళ్ళీ ఈ ఊరి మొహం చూడడు."

"గోడ పడితే మొదట నీ ఇల్లే కదే పోయేది."

"గోడ ఎప్పుడో పడుతుంది. వీడు ఈ వారమే పోతాడు." సలూద్ లేచి కూర్చుంది. "నన్నెలా బతికించావు? కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ నా పేరే చెప్పావు కదా అందరికీ. సలూద్ బతికింది, సలూద్ బతికిందని. మరి నా కొడుకు పుట్టేసరికి అది సున్నం అయిపోయిందా?"

బిడ్డ నోరు తెరిచాడు. శబ్దం రాలేదు.

మిట్టమధ్యాహ్నం, ఊరు కునుకు తీస్తున్న వేళ, ఓసింగ్ తన పాత లంగా అంచు చింపింది. ఉండ చుట్టి, బండ పక్కనున్న చివరి రంధ్రంలో పెట్టి, బట్టలు బాదే కర్రతో లోపలికి కొట్టింది. ఒక్కటే. వరసలో అన్ని ఉన్నాయి, చిట్టచివరిది ఒకటి మూస్తే గోడకు ఏమవుతుంది అనుకుంది. బిడ్డ కాస్త తేరుకోగానే తీసేస్తాననుకుంది.

వారం తిరక్కుండానే పైన అతుకు చెమర్చింది. తర్వాత బొట్టు కట్టింది. ఓసింగ్ గిన్నెలో పట్టి కూతురికి పోసింది. మూడో రోజో నాలుగో రోజో సలూద్ "ఇనాయ్!" అని కేకేసింది. ఓసింగ్ పరిగెత్తి వెళ్ళేసరికి బిడ్డ గుటకలు వేస్తున్నాడు. ఆ గుటకల చప్పుడు వింటూ గుమ్మంలో కూలబడిపోయింది. గోడపాలే చేశాయో, మునగాకు చేసిందో, పాలు పడతాయని నమ్మడం వల్ల పడ్డాయో. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

తల్లులు మళ్ళీ గిన్నెలతో వచ్చారు. బాషియాంగ్ కొవ్వొత్తుల కట్ట తెచ్చి, ఓసింగ్ చేతిలో పెట్టి, ఏమీ జరగనట్టే పక్కన తొట్టి వేసుకుంది. "చూశావా, అలిగిన తల్లి ఎన్నాళ్ళు అలుగుతుంది!" అంది. ఈసారి పాలు వచ్చిన తీరు చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఒక్క అతుకులోంచి కాదు, పక్క అతుకుల్లోంచీ ఊరుతోంది. ముసుగు మీద ముసుగు పరిచినట్టు గోడ తెల్లబడుతోంది. తల్లి క్షమించింది కాబట్టే ఇంత ధార అనుకుంది ఓసింగ్.

బిడ్డ తేరుకున్నాడు. గుడ్డ తీయవలసిన రోజు వచ్చింది. జ్ఞానస్నానం అయ్యాక తీద్దామనుకుంది. తర్వాత, పక్క ఊరినుంచి వచ్చిన ఒక పిల్లతల్లి ఏడుపు చూసి ఇంకో వారం అనుకుంది. జామకర్ర పట్టుకుని వరస వెంట నడవడం మాత్రం ఆమె మానేసింది. ఆ నడక చివర తన గుడ్డ ఉంటుంది. దాన్ని చూడలేక మొత్తం వరసనే చూడటం మానేసింది. మోకాలు నొప్పి అని చెప్పి ఉతుకుడు కూడా ఎగువ మలుపులోకి మార్చుకుంది. రంధ్రాల ముందు గడ్డి ఏపుగా పెరిగింది.

అక్టోబరులో రేడియో తుఫాను వస్తోందని చెప్పింది. దానికి పిలాంగ్ అని పేరు పెట్టారు. మంగలి టాసియో పెళ్ళాం పేరు కూడా అదే.

"నా మీదికి రోజూ వస్తూనే ఉందిగా, కొత్తగా రేడియోలో చెప్పేదేముంది?" అన్నాడు టాసియో.

"మూడో నంబరు హెచ్చరికట మాంగ్ టాసియో."

"మూడే? అది ఇంకా వంట మొదలెట్టలేదన్నమాట."

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మూడోనాడు తెల్లవారేసరికి నీళ్ళు గోడ నెత్తిమీదుగా దూకుతున్నాయి. ఇలా దూకడం ఊరికి కొత్త కాదు. కానీ ఓసింగ్‌కు రాత్రంతా కన్ను అంటుకోలేదు. వెలుగు రాగానే అరటాకు నెత్తిన పెట్టుకుని సలూద్ ఇంటికి వెళ్ళింది.

"లే. బిడ్డనెత్తుకుని చర్చికి పద."

"ఈ వానలోనా? ఇప్పుడే తాగి పడుకున్నాడు ఇనాయ్. వీడికి నిన్నటినుంచి దగ్గుగా ఉంది. తడిస్తే ఎలా?"

"నేను గోడ దగ్గరికెళ్ళి వస్తా. వచ్చేసరికి మూట కట్టి ఉంచు."

సలూద్ తల్లి ముఖంలోకి చూసింది. ఎందుకు వెళుతోందో ఆమెకు తెలుసు. "జాగ్రత్త," అంది.

గోడ అడుగున నడుం లోతు నీళ్ళు. ఉతుకుడు బండ మునిగిపోయింది. ఓసింగ్ గోడరాళ్ళు పట్టుకుని తడుముకుంటూ చివరి రంధ్రం దగ్గరికి చేరింది. నీళ్ళలో చెయ్యి పెట్టింది. గుడ్డ నాని, ఉబ్బి, బిగుసుకుపోయింది. వేళ్ళతో పీకింది, గోళ్ళు విరిగాయి, పళ్ళు బిగించి రెండు చేతులతో లాగింది. ఊడింది. లోపల్నుంచి నీళ్ళు ఆమెను వెనక్కి తోసేసినంత జోరుగా వచ్చాయి. ఓసింగ్ వెల్లకిలా పడి, లేచి, దగ్గుతూ నిలబడింది. ఆ గుడ్డను చేతిలో పట్టుకుని గట్టిగా ఏడ్చింది. మూసినది తెరిచేసింది. పిండేయవలసినది పిండుకుపోతోంది. ఇప్పుడు గోడ ఇంజనీరు ఉంచమన్నట్టే ఉంది అనుకుంది.

తిరిగి వచ్చేసరికి సలూద్ మూట కట్టి, బిడ్డను దుప్పట్లో చుట్టి గుమ్మంలో నిలబడి ఉంది. దుప్పట్లోంచి దగ్గు వినిపించింది. వాన పడమటి వైపు నుంచి రాళ్ళు విసిరినట్టు కొడుతోంది.

"అక్కర్లేదే," అంది ఓసింగ్. ఆమె ముఖం చాన్నాళ్ళ తర్వాత తేటగా ఉంది. "తీసేశాను. నీళ్ళు పోతున్నాయి, నా కళ్ళతో చూశాను. ఇంక భయం లేదు. వాణ్ణి తడపకు. లోపలికెళ్ళి పడుకో."

"నిజంగానా?"

"నిజం. నేను చర్చికెళ్ళి ఒక కొవ్వొత్తి పెట్టి వస్తా. వచ్చి గంజి కాస్తా."

సలూద్ తలుపు వేసుకుంది.

మెట్ట ఎక్కేసరికి ఓసింగ్ వణికిపోతోంది. చర్చి ఊడ్చే ఆవిడ చూసి, అయ్యో అని తన పొడి లంగా, రవికా ఇచ్చి కట్టుకోమంది. ఓసింగ్ మార్చుకుంది. కొవ్వొత్తి వెలిగించింది. ముందు వరసలో కూర్చుని జపమాల తీసింది. మొదటి పది పూసలూ అయి రెండో పది మొదలుపెట్టింది. కింద ఏదో పెద్ద బండి బోల్తాపడ్డట్టు చప్పుడైంది. తర్వాత చాలాసేపు ఒకటే హోరు.

గోడ మధ్యభాగం వెళ్ళిపోయింది. దిగువ గట్టు మీది ఇళ్ళన్నీ వెళ్ళిపోయాయి. రెండు రోజులకు సలూద్ దొరికింది. టోటోయ్ దొరకలేదు. బాషియాంగ్ కొడుకూ, మంగలి టాసియో పెళ్ళాం పిలాంగ్ కూడా పోయారు. టాసియో తర్వాత ఎన్నడూ ఎవరితోనూ ఎకసెక్కం ఆడలేదు.

బతికినవాళ్ళంతా చర్చిలోనే పడుకునేవారు. ఆ జనం మధ్య ఓసింగ్ లేచి నిలబడింది. జీవితంలో పదిమంది ముందు మాట్లాడి ఎరగదు.

"రంధ్రం మూసింది నేనే," అంది. "మాట ఇచ్చి మూశాను. వాన వచ్చాక తీశాను గానీ ఆలస్యమైంది. మీ అందర్నీ నేనే చంపాను."

ఆడవాళ్ళు చాలామంది తలలు దించుకున్నారు. ఎవరో ఒకావిడ లేచి బయటికి వెళ్ళిపోయింది. బాషియాంగ్ నోరు తెరిచింది, అందరూ అటు చూశారు. ఆమె ఏమీ అనకుండా ముసుగు ముఖం మీదికి లాక్కుంది. కొడుకు పోయిన దుఃఖం అనుకుంది ఓసింగ్.

ఇసియో ఉప్పుమడుల నుంచి వచ్చాడు. ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంట్లోనే ఉండమన్నది నువ్వేనా ఇనాయ్?"

"నేనే నాయనా."

అతను సలూద్‌ను పూడ్చిపెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక ఓసింగ్ చెల్లెలు నసుగ్బు నుంచి వచ్చి ఆమెను తీసుకుపోయింది. బస్సెక్కే దాకా ఎవరూ ఆమెను ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. నసుగ్బులో ఆమె చెల్లెలి ఇంటి వెనక బట్టలు ఉతుకుతుంది, పెట్టింది తింటుంది. అన్నంలోకి కొబ్బరిపాలు పోసినవి ముట్టుకోదు. ఎక్కడైనా పసిపిల్ల ఏడిస్తే చేతిలో పని వదిలేసి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆమె చర్చిలో చెప్పిన మాట మాత్రం ఊరు దాటి, బకోర్ దాకా నడిచింది. నడిచే దారిలో ఒక రంధ్రం అన్ని రంధ్రాలయింది.

నీళ్ళు తగ్గాక ఇంజనీరు కటాపాంగ్‌ను మళ్ళీ పంపించారు. గోడ మధ్యలో తెగినా అడుగు వరస చాలావరకు బురదలో నిలిచే ఉంది. అతను గడ్డి కోయించి, ఒక్కో రంధ్రం దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు. మొదటి రంధ్రంలోంచి పిండిసంచీ గుడ్డ వచ్చింది. రెండో దాంట్లోంచి పసిపిల్లవాడి పొత్తిగుడ్డ వచ్చింది, దాని మూలకు, మెడలో వేసుకునే చిన్న మరియతల్లి బిళ్ళ దారంతో కట్టి ఉంది. తర్వాతి దాంట్లో గుడ్డమీద జామకర్ర మేకు దిగగొట్టారు. ఒకదాంట్లో చిన్న పువ్వుల కిటికీ తెర. అతను వాటన్నిటినీ తీసి ఉతుకుడు బండ మీద ఆరబెట్టాడు. ఏ రెండూ ఒక ఇంటివి కావు. ఊరి ఆడవాళ్ళు గట్టుమీద నిలబడి చూశారు. ఎవరి గుడ్డ ఏదో అందరికీ తెలుసు. అతను అటు తిరిగినప్పుడు బాషియాంగ్ దిగివచ్చి పువ్వుల తెర తీసుకుని పమిట కింద దాచుకుని వెళ్ళిపోయింది.

ఈ సంగతి చెప్పడానికి నసుగ్బు ఎవరూ వెళ్ళలేదు.

గోడ కూలిన రోజున వరసలో తెరిచి ఉన్న రంధ్రం ఒక్కటే. బండ పక్కనున్న చివరిది.